నాపా లోయకు అత్తమామలతో వెళ్లబోతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ దీవెనలు. సెప్టెంబరులో అత్తగారిని, మామగారిని, పిల్లలిద్దరినీ కాలిఫోర్నియాలోని నాపా లోయకు తీసుకెళ్లాలనుకుంటున్నామని, చిన్నపిల్లలతో వైనరీలకు, అంటే ద్రాక్షతోటల మధ్య వైన్ చేసే చోట్లకు వెళ్లడం బాగుంటుందా అని అడిగావు. తప్పకుండా వెళ్లండి. ఫ్రీమాంట్‌లో కాపురం పెట్టిన ఈ ముప్ఫై ఏళ్లలో ఊరి నుంచి వచ్చిన చుట్టాలందరినీ నేను అక్కడికి తిప్పాను. తాగని వాళ్లే ఎక్కువ సంతోషపడి వచ్చారు.

అన్నిటికంటే ముందు, ఎక్కడికి వెళ్తున్నారో అత్తగారికి ఇంట్లోనే చెప్పు. నేను మొదటిసారి మా అమ్మను తీసుకెళ్లినప్పుడు "కొండలు చూసొద్దాం" అని మాత్రమే చెప్పాను. లోపలికి అడుగుపెట్టి గ్లాసులు చూసిన అమ్మ మారుమాట లేకుండా వెనక్కి తిరిగింది. గంటసేపు కారులోనే కూర్చుంది. ఆమె బాధపడింది వైన్ చూసి కాదు, నేను దాచినందుకు. మళ్లీ ఏడాది వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పి అడిగితే తనే ముందు బయలుదేరింది. తోటలో గులాబీల దగ్గర నిలబడి ఫొటో తీయించుకుంది.

ఇక మీ మామగారి సంగతి. శంషాబాద్ వైపు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పండించిన మనిషి అన్నావు కదా, నాపాలో ఆయనకు చూడాల్సినంత ఉంది. మన దగ్గర రాతి కడీల మీద పందిరి వేసి తీగ పాకిస్తాం, గుత్తులు తల మీద వేలాడతాయి. అక్కడ నడుమెత్తున ఇనుప తీగలు లాగి చెట్లను వరసల్లో నిలబెడతారు. మనకు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరింపు. అక్కడ చలికాలంలో తీగ నిద్రపోతుంది కాబట్టి ఏడాదికి ఒకటే ప్రధాన కత్తిరింపు, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కోత. ప్రతి మొదలు దగ్గరా నేలకు కాస్త పైన కణుపులాంటి ఉబ్బు కనిపిస్తుంది, అది అంటు కట్టిన చోటు. వేళ్లను తినే ఫైలోక్సెరా అనే పురుగు ఆ లోయను రెండుసార్లు దెబ్బతీసింది. 1980ల చివర మొదలైన రెండో దెబ్బకు వేల ఎకరాలు పీకి మళ్లీ నాటారు. అందుకే ఆ పురుగును తట్టుకునే వేరు మీద అంటు కడతారు. మన దగ్గర ద్రాక్షను అంటు కట్టే డాగ్‌రిడ్జ్ వేరుమూలం పేరు విన్న రైతుకు అంటు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. తోట చూపించే వారిని అడిగి వైన్‌కు వాడే కాబర్నే రకం ద్రాక్షపండు ఒక్కటి ఆయన నోట్లో వేయించు. బఠాణీ గింజంత ఉంటుంది, మందమైన తొక్క, లోపల గింజలు, తీపి మాత్రం మనం తినే ద్రాక్షను మించి ఉంటుంది. ఆయన అడిగే ప్రశ్నలను నువ్వు తర్జుమా చెయ్యి. ఆ పని అల్లరి చేసే పిల్లల్ని చూసుకుంటూ చేయలేవు, కాబట్టి ఆ అరగంట వాళ్ల బాధ్యత మీ ఆయనకు అప్పగించు. అడగకుండా వరసల్లోకి వెళ్లవద్దు, ఆకు కూడా తుంచవద్దు.

రోజుకు రెండు చోట్లు చాలు. మూడోది పెట్టుకుంటే పిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్లు మౌనంగా అలసిపోతారు. లోయ ఉత్తరపు చివరన కాలిస్టోగా ఊరి దగ్గర కాస్తెల్లో ది అమొరోసా అనే కోటలాంటి వైనరీ ఉంది. ఇటలీలోని పదమూడో శతాబ్దపు కోటల తీరులో కట్టి 2007లో తెరిచారు. 107 గదులు, కందకం, ఎత్తుడు వంతెన ఉన్నాయి. మీ పెద్దవాడు వదిలి రాడు. మెట్లు మాత్రం చాలా ఉన్నాయి, చిన్నదాని తోపుడు బండి పనికిరాదు, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారికి కష్టం. ఆవిడ కోసమైతే ఆ దగ్గర్లోనే స్టెర్లింగ్ అనే వైనరీ ఉంది. కొండ మీదికి తీగకు వేలాడే గొండోలాలో తీసుకెళ్తారు. 2020 అడవి మంటల్లో అది బాగా దెబ్బతిని మూతపడింది, బాగుచేసి 2023లో మళ్లీ తెరిచారు. పైనుంచి లోయంతా కనిపిస్తుంది. నన్నడిగితే మీకు రెండింటిలో అదే సరైనది.

ఎక్కడికైనా ముందే ఫోన్ చెయ్యి. నాపాలో చాలా చోట్ల వేళ కుదుర్చుకోకుండా వెళ్తే లోపలికి రానివ్వరు. ఇరవై ఒక్క ఏళ్లలోపు వారిని అసలు రానివ్వని వైనరీలూ ఉన్నాయి. పిల్లల వయసు చెప్పి అడుగు, తాగనివారికి కూడా టికెట్ కొనాలా, ద్రాక్షరసం ఇస్తారా, నీడ, మరుగుదొడ్డి దగ్గర్లో ఉన్నాయా అని కూడా. ఇంటి భోజనం తెచ్చుకోవచ్చా అని అడగడం మరిచిపోకు, చాలా మంది ఒప్పుకోరు. నేను పులిహోర, పెరుగన్నం కట్టుకుని సెయింట్ హెలీనా ఊరు దాటాక బోతీ-నాపా పార్కులో చెట్ల కింద తింటాను. దాని పక్కనే బేల్ పిండిమర ఉంది, 1846 నాటిది. ముప్ఫై ఆరు అడుగుల నీటి చక్రం చూసి మా అమ్మ తన పుట్టింటి తిరగలి ముచ్చట్లు సాయంత్రం దాకా చెప్పింది. మీ అత్తగారికీ అది చూపించు.

కోతకాలం కాబట్టి కొన్ని జాగ్రత్తలు. పులిసే ద్రాక్షరసం తొట్లున్న గదుల్లో బొగ్గుపులుసు వాయువు పోగవుతుంది, పిల్లల చెయ్యి వదలకు. తీపి వాసనకు కందిరీగలు ముసురుతాయి, రసం గ్లాసులోకి చూసి తాగమను. పొద్దున శాన్ పాబ్లో అఖాతం నుంచి పొగమంచు కమ్ముకుని చలిగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఎండ మాడ్చేస్తుంది. శాలువాలు, టోపీలు రెండూ కావాలి.

బండి నడిపేవారు ఆ రోజు చుక్క కూడా ముట్టకూడదు. రుచి చూసి ఉమ్మేస్తే చాలుగా అంటారేమో, పిల్లలు వెనక సీట్లో ఉన్నప్పుడు ఆ లెక్కలు వద్దు. అల్లుడికి రుచి చూడాలనుంటే నువ్వు నడుపు. మూత తీసిన సీసా ఉంటే డిక్కీలో పెట్టండి, మనుషులు కూర్చునే చోట ఉంచడం కాలిఫోర్నియాలో చట్టవిరుద్ధం. వెళ్లేటప్పుడు ఇరవై తొమ్మిదో నంబరు రోడ్డు వదిలి, తూర్పున సిల్వరాడో ట్రెయిల్ మీదుగా వెళ్లండి. రద్దీ తక్కువ, తోటలు రోడ్డు దాకా ఉంటాయి. మా ఇంటి నుంచి సుమారు రెండు గంటల ప్రయాణం. ఏడున్నరకల్లా బయలుదేరితే కోసిన ద్రాక్ష తొట్లతో వెళ్లే ట్రాక్టర్లు మామగారికి కనిపించవచ్చు.

ముందు రోజు రాత్రి మా ఇంట్లోనే పడుకోండి. పులిహోర నేను కలిపి ఉంచుతాను. చిన్నదానికి కారం తగలకుండా పెరుగన్నం వేరే డబ్బాలో పెడతాను.

మీ పెద్దమ్మ