స్పాన్ చెరువులో ఇమ్యూనిటీ ప్రోటీన్ పోస్తే పిల్ల బతుకుతుందా?

ప్రశ్న: అర ఎకరం నర్సరీ చెరువులో జూలైలో 8 లక్షల రోహు స్పాన్ (గుడ్డు పొదిగి కొద్ది రోజులే అయిన చేప పిల్ల) వేశాను. మూడో రోజుకే పిల్ల పలచబడింది. ఇరవయ్యో రోజున పట్టిస్తే లక్షా ఇరవై వేలకు మించలేదు. ఈసారి మందుల డీలరు ఒక సీసా చూపించి, "ఇందులో ఇమ్యూనిటీ ప్రోటీన్లున్నాయి, గుడ్డులో పిల్ల తయారయ్యేదే వీటివల్ల, లీటరు పోస్తే చాలు" అంటున్నాడు. ఫోన్లో ఒక వీడియోలోనూ ఇలాగే విన్నాను. నిజమేనా సార్? కొనమంటారా?
– ఓ రైతు, కైకలూరు మండలం, ఏలూరు జిల్లా

జవాబు: కొనకండి. డీలరు చెప్పినదాంట్లో సగం నిజం, అదీ చాలా ఆసక్తికరమైన నిజం. మీ డబ్బు పోయేది మిగతా సగం దగ్గర.

కోవిడ్ రోజుల్లో సైటోకైన్ స్టార్మ్ అనే మాట టీవీలో వినే ఉంటారు. మీరడిగిన ప్రోటీన్లు ఆ సైటోకైన్లే. ఒంట్లో క్రిమి దూరితే ఒక కణం మిగతా కణాలకు వేసే దండోరా అనుకోండి. ఇంటర్‌ఫెరాన్, ఇంటర్‌ల్యూకిన్, టీఎన్‌ఎఫ్ వీటిలో పేరున్నవి. జబ్బు వచ్చినప్పుడే వీటికి పని అని చాలాకాలం అనుకున్నాం. 2014లో జీబ్రా చేప మీద జరిగిన పరిశోధనలు ఇంకో సంగతి బయటపెట్టాయి. జీబ్రా చేపంటే ఎక్కడిదో కాదండీ, మన దేశపు వాగుల్లో, వరి చేల పక్క కాలవల్లో తిరిగే చారల చిట్టి చేప. రోహుకి దూరపు చుట్టం. దాని గుడ్డు అద్దంలా ఉంటుంది కాబట్టి లోపల పిల్ల తయారవడం మైక్రోస్కోపులో కళ్లారా చూడొచ్చు.

ఫలదీకరణ జరిగిన రోజు, రోజున్నరకి ఆ పిల్ల వెన్ను కిందున్న పెద్ద రక్తనాళం అడుగు గోడ నుంచి కొన్ని కణాలు విడివడి బయటికొస్తాయి. చేప బతికినంత కాలం రక్తాన్ని పుట్టించే మూలకణాలు అవే. అప్పటికి అక్కడ క్రిమీ లేదు, జబ్బూ లేదు. అయినా అప్పుడే పుట్టిన తెల్ల రక్తకణాలు టీఎన్‌ఎఫ్ దండోరా వేస్తున్నాయి. అది వినపడకుండా చేస్తే మూలకణాలు బాగా తగ్గిపోయాయి. ఇంటర్‌ఫెరాన్ గామాకీ ఇలాంటి పాత్రే ఉందని తేలింది. ఈ మూలకణాలు చివరికి కిడ్నీలో కాపురం పెడతాయి. చేపకు రక్తం తయారయ్యేది మనలా ఎముక మజ్జలో కాదు, కిడ్నీలో. వీడియోలో మీరు విన్నది బహుశా ఈ సంగతే అయి ఉంటుంది.

అయితే ఆ దండోరా పిల్ల తన ఒంట్లో తానే వేసుకునేది. ఏ చోట, ఏ గంటలో, ఎంత అన్నది లెక్క ప్రకారం జరుగుతుంది. రోహు గుడ్డు 14 నుంచి 18 గంటల్లో పొదుగుతుంది. మీ గట్టు మీదికి వచ్చేసరికి స్పాన్‌కి మూడు, నాలుగు రోజుల వయసు. ఈ తొలి ఘట్టం హేచరీలోనే దాటిపోయి ఉంటుంది. పోనీ ఇప్పుడు పోస్తారనుకుందాం. అర ఎకరంలో మీటరు లోతు నీళ్లంటే సుమారు 20 లక్షల లీటర్లు. అందులో మీ లీటరెంత? ఆ ప్రోటీన్‌ని నీళ్లలోని బ్యాక్టీరియా తినేస్తుంది. పిల్ల మింగినా తవుడులాగే అరిగిపోతుంది. ఒకవేళ ఒంట్లోకి చేరినా మంచిదని చెప్పలేం. దండోరా ఆగకుండా మోగితే ఒళ్లు ఒక రకం తెల్ల కణాలనే ఎక్కువగా తయారుచేస్తూ మిగతా రక్తకణాలను తగ్గించేస్తుందని కూడా జీబ్రా చేపలోనే చూశారు.

గుడ్డుకి బయటినుంచి అందే రక్షణ ఒకటే, తల్లి ఇచ్చేది. యాంటీబాడీలు, లైసోజైమ్ లాంటి క్రిములతో పోరాడే పదార్థాలను సొనలో పెట్టి పంపుతుంది. పిల్లకు సొంత యాంటీబాడీలు తయారవడానికి వారాలు పడుతుంది. కాబట్టి ఆ సీసా డబ్బులకి బదులు హేచరీలో రెండు ప్రశ్నలు అడగండి. తల్లి చేపలకు ఏం మేపుతున్నారు? ఒకే చేపను సీజన్‌లో ఎన్నిసార్లు ఈనిస్తున్నారు? రెండోదానికి నీళ్లు నమిలితే ఇంకో హేచరీ చూసుకోండి.

ఇక మీ చెరువు సంగతి. నన్ను ఆపింది మీ ఉత్తరంలోని 'మూడో రోజు' అన్న మాట. మంచి యాజమాన్యంలో 30 నుంచి 50 శాతం పిల్ల దక్కాలి, మీకు 15 శాతమే దక్కింది. మూడు రోజుల్లో ఇంత పోయిందంటే నా అనుమానం ఇమ్యూనిటీ మీద కాదు, నీటి పురుగుల మీద. ఒక్కో పురుగు రోజుకి ఎన్ని పిల్లల్ని పీలుస్తుందో చూస్తే గుండె గుభేలుమంటుంది. స్పాన్ వేసే ముందు రోజు, గాలి లేనప్పుడు, అర ఎకరానికి 11 కిలోల చవక నూనె, మూడున్నర కిలోల సబ్బు కలిపి నీటి మీద చల్లించండి. పురుగులు ఊపిరాడక చస్తాయి. బ్యాగులు తెరవకుండా ఓ అరగంట చెరువులో తేలనిచ్చి, చెరువు నీళ్లు కొంచెం కొంచెంగా కలిపి, పొద్దున చల్లపూటే వదలండి. వేరుశనగ చెక్క, తవుడు సమానంగా కలిపి మొదటి 5 రోజులు లక్ష పిల్లకు రోజుకి 600 గ్రాములు, తర్వాత 1.2 కిలోలు వేస్తే సరిపోతుంది.

అనుమానం తీరాలంటే ఒక పని చేయండి. స్పాన్ వదిలే రోజే అదే బ్యాగులోంచి వెయ్యి పిల్లను లెక్కపెట్టి, సన్న వలతో పెట్టెలా కుట్టిన హాపాలో అదే చెరువులో ఉంచండి. నాలుగో రోజున లెక్క చూడండి. హాపాలో పిల్ల నిలిచి చెరువులో పలచబడితే దొంగ పురుగులే. హాపాలోనూ పోతే నీళ్లలోనో, సీడ్‌లోనో తేడా ఉంది. అప్పుడు ఆక్సిజన్ పట్టించిన బ్యాగులో బతికున్న పిల్ల, తెల్లవారుజామున పట్టిన ఒక సీసా చెరువు నీళ్లు తీసుకుని, 'ఉండి' ఊళ్లోని మత్స్య పరిశోధనా స్థానానికి వెళ్లండి. చచ్చిన పిల్ల తీసుకెళ్లొద్దు, దారిలోనే కుళ్లిపోతుంది, దాంట్లో చూడ్డానికేమీ మిగలదు.