కంపెనీ చేత్తో కడితేనే మినహాయింపు

ప్రశ్న: ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మేనేజరుగా పనిచేస్తున్నాను. కాపురం కడపలో. వయసు 46. జీతం ఏడాదికి 48 లక్షలు, అందులో బేసిక్ 24 లక్షలు. కొత్త పన్ను విధానంలో ఉన్నాను. నాలుగేళ్లుగా ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం)లో ఏటా 50 వేలు సొంతంగా కడుతున్నాను. ఇప్పుడు మా కంపెనీ, ఇష్టమున్నవాళ్ల పేరిట బేసిక్‌లో 14 శాతం ఎన్‌పీఎస్‌లో జమ చేస్తామంటోంది. పీఎఫ్‌తో కలిపి ఏడున్నర లక్షలు దాటితే చిక్కని మా బావమరిది భయపెడుతున్నాడు. గడిచిపోయిన నెలలకు ఆ మొత్తం నేనే కట్టి, కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే చెల్లుతుందా? రెండేళ్లలో పాపను మెడిసిన్‌లో చేర్చాలి. అప్పుడు ఆ డబ్బు తీసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: ముందు మీరు కడుతున్న 50 వేల సంగతి. 2026 మార్చి దాకా అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టంలో 80సీసీడీ(1బి) సెక్షన్ కింద వచ్చే ఆ మినహాయింపు పాత విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానంలో మీరు సొంతంగా 50 వేలు కట్టినా, 5 లక్షలు కట్టినా పన్నులో ఒక్క రూపాయి తగ్గదు. డబ్బు ఎక్కడికీ పోలేదు, మీ ఖాతాలోనే పెరుగుతోంది. కాకపోతే పన్ను మిగులుతోందనుకుని కట్టారు కాబట్టి ఈ మాట ముందే చెప్పాల్సి వచ్చింది.

కొత్త విధానంలో ఎన్‌పీఎస్‌కు మిగిలిన దారి ఒక్కటే, అదే చట్టంలో 80సీసీడీ(2) అన్న సెక్షన్. యజమాని ఉద్యోగి ఖాతాలో వేసే సొమ్ముకు ఇది వర్తిస్తుంది. ప్రైవేటు ఉద్యోగులకు జీతంలో 10 శాతంగా ఉన్న పరిమితిని 2024 బడ్జెట్‌లో కొత్త విధానంలో ఉన్నవాళ్లకు 14 శాతానికి పెంచారు. ఇక్కడ జీతమంటే బేసిక్, డీఏ మాత్రమే. మీ 24 లక్షల మీద 14 శాతం అంటే 3,36,000. మీరు 30 శాతం శ్లాబులో ఉన్నారు. సెస్సుతో కలిపి ఏడాదికి 1,04,832 రూపాయల పన్ను తగ్గుతుంది. నెల లెక్కన జీతంలోంచి 28 వేలు అటు వెళ్తే, పన్నులో 8,736 మిగులుతుంది. చేతికొచ్చేది సుమారు 19 వేలు తగ్గుతుంది. ఇంటి ఈఎంఐ ఉంటే ఈ అంకె ముందు పెట్టుకుని ఆలోచించండి.

మీరే కట్టి లెటర్ తెచ్చుకోవడం మాత్రం చెల్లదు. సెక్షన్ అడిగేది యజమాని కట్టాడా లేదా అన్నదే. మీ బ్యాంకు ఖాతాలోంచి వెళ్లిన డబ్బును ఏ లెటరూ కంపెనీ డబ్బుగా మార్చలేదు. రేపు నోటీసు వస్తే బ్యాంకు స్టేట్‌మెంటే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. చేతికి అందిన జీతం అందినట్టే. ఒప్పుకున్న నెల నుంచి ముందుకే లెక్క. దయచేసి ఆ ఆలోచన మానుకోండి.

మీ బావమరిది మాటలో నిజం ఉంది. పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్‌యాన్యుయేషన్ (కొన్ని కంపెనీలు పెట్టే పెన్షన్ నిధి) మూడింటిలో కలిపి యజమాని వేసేది ఏడాదికి ఏడున్నర లక్షలు దాటితే, దాటినదంతా పెర్క్విజిట్‌గా, అంటే పన్ను పడే అదనపు సదుపాయంగా మీ జీతంలో కలుస్తుంది. దాని మీద వచ్చే రాబడికి కూడా ఏటా పన్ను పడుతుంది. 2020-21 నుంచి ఈ నియమం ఉంది. పూర్తి బేసిక్ మీద 12 శాతం పీఎఫ్ అయితే కంపెనీ వాటా 2,88,000. ఎన్‌పీఎస్‌తో కలిపి 6,24,000. కాబట్టి ఇప్పటికి భయం లేదు. బేసిక్ 28 లక్షల 85 వేలకు చేరువైనప్పుడు గీత దాటుతారు. మీకు ఒకటి రెండు ఇంక్రిమెంట్లు వస్తే అది దూరమేమీ కాదు, ఏటా ఏప్రిల్‌లో లెక్క చూసుకోండి. మరోటి, పీఎఫ్‌లో మీ సొంత వాటా కూడా 2,88,000 ఉండి ఉంటుంది. 2.5 లక్షలకు మించిన 38 వేల మీద వడ్డీకి 2021 ఏప్రిల్ నుంచి పన్ను ఉంది. దాన్ని రిటర్నులో చూపడం చాలామంది మరిచిపోతున్నారు.

ఇక పాప చదువు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. మూడేళ్లు నిండాక పిల్లల పైచదువుకు ఎన్‌పీఎస్ నుంచి కొంత తీసుకోవచ్చు. అయితే మీరు సొంతంగా కట్టిన దాంట్లో 25 శాతమే. కంపెనీ వేసినదాన్నీ, దాని మీద పెరిగినదాన్నీ ఇందుకు ముట్టుకోనివ్వరు. మీరు నాలుగేళ్లలో కట్టింది 2 లక్షలు, అందులో చేతికొచ్చేది 50 వేలు. పన్ను తగ్గించే సొమ్ము వేరు, అవసరానికి అందే సొమ్ము వేరు. మెడిసిన్ ఫీజు ఈ జీతంలోంచే కట్టాలనుకుంటే పూర్తి 14 శాతానికి ఒప్పుకోవద్దని నా సలహా. తక్కువ శాతం ఎంచుకునే వీలుందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. లేదంటే ఫీజు సొమ్ము ముందు వేరే చోట సిద్ధం చేసుకుని తర్వాత చేరండి. ఏడాదికి లక్ష పన్ను మిగులుతుందని చెప్పి, ఫీజు కోసం ఎక్కువ వడ్డీకి అప్పు చేస్తే మీకు ఒరిగేదేముంది?

60 ఏళ్లకు ఎన్‌పీఎస్‌లో పోగైనదాంట్లో 60 శాతం పన్ను లేకుండా వస్తుంది. 2025 డిసెంబరులో పెన్షన్ నియంత్రణ సంస్థ పీఎఫ్‌ఆర్‌డీఏ, ప్రైవేటు ఉద్యోగులు 80 శాతం దాకా ఒకేసారి తీసుకోవచ్చని నిబంధన మార్చింది గానీ, 1961 ఆదాయపు పన్ను చట్టంలో మినహాయింపు 60 శాతానికే రాసి ఉండేది. నెలనెలా వచ్చే పెన్షన్‌కు మాత్రం అప్పటి మీ శ్లాబు ప్రకారం పన్ను ఉంటుంది.

ఈ పథకం గురించి కంపెనీ ఇచ్చే కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక్కటి గట్టిగా చూసుకోండి. ఆ 14 శాతాన్ని ఎందులోంచి తీస్తున్నారు? స్పెషల్ అలవెన్సు లోంచి తీస్తే సరే. బేసిక్‌నే తగ్గించి సర్దుతామంటే ఒప్పుకోవద్దు. బేసిక్ తగ్గితే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా తగ్గే వీలుంది. బేసిక్ మారదని రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకో ఖాతా తెరవకుండా మీ పాత ప్రాన్ (ఎన్‌పీఎస్ ఖాతా) నంబరే హెచ్‌ఆర్‌కు ఇవ్వండి. ఏడాది జీతం, పన్ను లెక్కలతో కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ వచ్చాక, కంపెనీ వేసిన సొమ్ము మొదట జీతంలో కలిసి, తర్వాత ఈ మినహాయింపు కింద తీసివేసినట్టు రెండు చోట్లా కనిపించాలి. ఒకచోట ఉండి మరోచోట లేకపోతే రిటర్ను వేయకముందే సరిచేయించుకోండి.