ఎండకు పెళుసెక్కే ప్లాస్టిక్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డాబా మీది ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు రెండు వేసవులకే వెలిసిపోయాయి. ముట్టుకుంటే చేతికి పొడి అంటుతోంది. ఒకదాని కాలు విరిగింది కూడా. కొబ్బరినూనె రాస్తే మళ్లీ గట్టిపడతాయా?

జవాబు: గట్టిపడవు. నూనెతో వచ్చేది మెరుపే. నాలుగు రోజుల్లో దుమ్ము పట్టి జిడ్డవుతుంది.

ఈ కుర్చీలను ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి దాని పొడవాటి అణు గొలుసులను తెంచేస్తాయి. వేడి ఉంటే ఇంకా తొందరగా తెగుతాయి. తెగినవి మళ్లీ అతకవు. ముందు పైపొర పొడిబారి, వెంట్రుకంత పగుళ్లు పుడతాయి. బరువు పడగానే ఆ పగులు లోపలికి పాకి, కాలు వంగకుండానే ఫట్‌మంటుంది.

మిగిలినవాటిని తిరగేసి, కాలూ సీటూ కలిసే మూల చూడండి. అక్కడ సన్నని గీతలుంటే ఇక ఎవరినీ కూర్చోనివ్వకండి. పొడి రాలుతున్నా కింద రంగు నిగనిగలాడుతుంటే రంగు వేసి కాపాడుకోవచ్చు. సబ్బునీటితో కడిగి, 400 నంబరు వాటర్ పేపర్‌తో తడిమీద రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. పాలీప్రొపిలీన్‌కు మామూలు రంగు పట్టదు, పెచ్చులూడుతుంది. దానికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న ప్లాస్టిక్ ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా వేసేది) ఒక పలచని పూత, ఆపైన స్ప్రే రంగు రెండు పూతలు వేయాలి. నిజానికి ఇంత శ్రమకన్నా కుర్చీలను పొద్దున్నే నీడలోకి లాగడం మేలు. కొత్తవి కొనేటప్పుడు ‘యూవీ స్టెబిలైజ్డ్’, అంటే అతినీలలోహిత కిరణాలను తట్టుకునేలా చేసినవి, అవునో కాదో అడగండి. మరీ చవక కుర్చీల్లో రీసైకిల్ సరుకు, సుద్దపొడి కలిసే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: ట్యాంకు నుంచి దిగే పీవీసీ పైపులకు పెయింట్ వేయొచ్చా?

జవాబు: వేయాలి కూడా. ఎండకు మాగిన పైపు నీటి ఒత్తిడిని తట్టుకున్నా, నిచ్చెన తగిలితే పగులుతుంది. మురికి కడిగి, మెరుపు పోయేలా కాస్త రుద్ది, బయటి గోడలకు వాడే అక్రిలిక్ ఎమల్షన్ రెండు పూతలు వేయండి. నీటితో కలిపే రంగే వాడాలి, థిన్నర్ కలిపేది పీవీసీకి చేటు. తెలుపో, లేత రంగో ఎంచుకోండి. ముదురు రంగుకు పైపు వేడెక్కి సాగి, క్లాంపుల మధ్య వంకర్లు పోతుంది. మొక్కలకు వేసిన నల్ల డ్రిప్ పైపుకు ఈ పని అక్కర్లేదు, దానిలో కలిపిన కార్బన్ బ్లాక్ అనే నల్ల మసిపొడే ఎండను అడ్డుకుంటుంది.