ఆవు హార్మోన్ల మీద పీజీ చేస్తే మా అమ్మాయి గతేం కాను?

ప్రశ్న: మా అమ్మాయి వెటర్నరీ డిగ్రీ పూర్తి చేస్తోంది. స్టెరాయిడ్ మందులు వాడితే పశువుల్లో సహజ హార్మోన్లు ఎలా మారతాయో పరిశోధిస్తానని ఫిజియాలజీలో పీజీ అంటోంది. ఇన్నేళ్లు చదివి మళ్లీ పశువుల కొట్టంలోకేనా? మేం డేటా సైన్స్ వైపు వెళ్లమంటున్నాం. రెండూ పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

పోలుస్తాను గానీ, ముందు ఆ ‘కొట్టంలోకేనా’ సంగతి తేలుద్దాం. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, సబ్జెక్టు పేరొక్కటే మారుతుంది. మీ టెన్షన్ ఉద్యోగం గురించి సగమే, మిగతా సగం అమ్మాయి ఏం చదువుతోందని నలుగురూ అడిగితే ఏం చెప్పాలన్నది. అది మీ ఇబ్బంది, ఆ పిల్ల మీద రుద్దకండి. ఇంతకీ ఆ పరిశోధన దేని గురించో ఒక్కసారైనా కూర్చుని అడిగారా?

అడగలేదనుకుని నేనే చెబుతాను. ఆవు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ అడ్రినల్ గ్రంథిలో తయారవుతుంది, ఎంత తయారు చేయాలో మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్ పంపి చెబుతుంది. మనమిచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ఈ కార్టిసాల్ కంటే పాతిక రెట్లకు పైగా బలమైనది. అది రక్తంలో కలవగానే ఇక చాలనుకుని పిట్యూటరీ కబురు ఆపేస్తుంది, గంటల్లోనే ఆవు సొంత కార్టిసాల్ పడిపోతుంది, ఒక్క ఇంజెక్షన్‌కే మళ్లీ కోలుకోవడానికి రోజులు పట్టవచ్చు. ఎక్కువ కాలం వాడితే అడ్రినల్ పైపొర కుంచించుకుపోతుంది, అందుకే అలాంటప్పుడు మందు ఒక్కసారిగా ఆపకూడదు. ఇంతటితో అయిపోదు. థైరాయిడ్ హార్మోన్లు తగ్గుతాయి, రక్తంలో గ్లూకోజ్, దాంతో పాటు ఇన్సులిన్ పెరుగుతాయి, కొన్నాళ్లు పాలు తగ్గవచ్చు. నిండు చూడి ఆవుకు ఇస్తే రెండు మూడు రోజుల్లో ఈనేస్తుంది. మామూలుగా ఈత మొదలు పెట్టేది కడుపులోని దూడ కార్టిసాలే, మందు దానిలా నటిస్తుంది, మాయలో చూడిని నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోన్ తగ్గి, ఈతకు సిద్ధం చేసే ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. ఇలా ఈనిన ఆవుల్లో మాయ పడకుండా ఉండిపోవడం చాలా మామూలు. చూడి ఉందో లేదో అడగకుండా సూది వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది వేరే కథ.

మీరు చులకన చేస్తున్న ఇలాంటి పని నుంచే మనుషులకు మేలు జరిగింది. 1960ల్లో న్యూజిలాండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు గొర్రెల్లో కాన్పు ఎలా మొదలవుతుందో చూస్తూ, స్టెరాయిడ్ అందిన గొర్రెపిల్ల నెలలు నిండకుండా పుట్టినా ఊపిరి తీసుకోగలగడం గమనించాడు. నెలలు నిండకముందే కాన్పయ్యేలా ఉన్న తల్లులకు స్టెరాయిడ్ ఇచ్చి పిల్లల ఊపిరితిత్తులను కాపాడటం 1972లో ఆయనా, పిల్లల వైద్యుడు రాస్ హౌవీ కలిసి ప్రచురించిన ఫలితాలతోనే మొదలైంది.

ఇక డేటా సైన్స్. నేనూ ఒకప్పుడు అడిగిన వాళ్లందరికీ అదే చెప్పాను, ఇప్పుడు అంత ధైర్యం లేదు. ఆరు నెలల కోర్సు చేసి వచ్చిన పిల్లలందరి చేతిలో ఒకే సర్టిఫికెట్, ఒకేలాంటి ప్రాజెక్టు ఉంటున్నాయి, కంపెనీ వాళ్లు మాత్రం నీకు ఏ రంగం తెలుసని అడుగుతున్నారు. అక్కడే మీ అమ్మాయి గెలుస్తుంది. కార్టిసాల్ అంకెలు ఎవరి కంప్యూటర్‌లో పెట్టినా గ్రాఫ్ వస్తుంది. కానీ రక్తం తీయడానికి పట్టుకున్నప్పుడు ఆవు బెదిరి పెనుగులాడితే దానికే అంకె పెరుగుతుందనీ, ప్రెడ్నిసోలోన్ అనే మరో స్టెరాయిడ్ ఇచ్చిన ఆవులో కొన్ని పరీక్షలు ఆ మందునే కార్టిసాల్‌గా లెక్కేస్తాయనీ, డెక్సామెథసోన్‌తో ఆ గొడవ చాలా తక్కువనీ తెలియని వాడు ఆ గ్రాఫ్ చూసి ఏం చెబుతాడు? స్టాటిస్టిక్స్, కొంచెం కోడింగ్ ఈ పీజీలోనే నేర్చుకోవచ్చు. ఈ ఫిజియాలజీని తర్వాత ఆన్‌లైన్‌లో నేర్చుకోవడం మాత్రం కుదరని పని.

అలాగని ఇది పూలబాట కాదు. సంపాదన నెమ్మదిగా మొదలవుతుంది, సొంతంగా పరిశోధన చేయాలంటే పీహెచ్‌డీ దాకా వెళ్లాల్సిందే, అర్ధరాత్రి లేచి శాంపిల్స్ తీయాల్సి వస్తుంది. మందుల కంపెనీలు, బోధన, మాంసంలో పాలల్లో మందుల అవశేషాలు పట్టుకునే ల్యాబ్‌లు ఆమెకున్న దారులు. పశువుల బరువు పెంచడానికి స్టెరాయిడ్లు వాడటం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. అయినా దొంగతనంగా వాడేవాళ్లుంటారు, అలాంటప్పుడు సొంత కార్టిసాల్ పడిపోవడం, దూడల్లో రోగనిరోధక శక్తికి తోడ్పడే థైమస్ గ్రంథి కుంచించుకుపోవడం లాంటివి ఆధారాలవుతాయి. పోలిక మీరడిగినంత వివరంగా రాలేదు, తెలుసు. రెండు వైపులా సమానంగా తూచాలంటే నాకే మనసొప్పలేదు.

చేరే ముందు గైడ్‌తో ఒకసారి మాట్లాడమనండి. హార్మోన్ పరీక్షలు సొంత ల్యాబ్‌లో చేస్తారా, బయటికి పంపుతారా? పశువుల మీద ప్రయోగానికి ఎథిక్స్ అనుమతి వచ్చేసిందా? అది ఆలస్యమైతే ఏడాది ఊరికే పోతుంది. ఆ మాటలకు ఆమెనే వెళ్లనివ్వండి, మీరు వెంట వెళ్లకండి.