సెక్రటరీ గారు కనబడరు, వాలంటీరే అన్నీ చూస్తున్నారు.. మా దరఖాస్తు చెల్లుతుందా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. బైకు మీద వచ్చిన దొంగలు మా అమ్మ పుస్తెలతాడు తెంపుకుపోయారు, ఆ లాగుడికి పడి ఆవిడ తుంటి విరిగింది. దొంగలు దొరకలేదు. పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టాం. ఎప్పుడెళ్లినా సెక్రటరీ గారు పనిలో ఉన్నారంటున్నారు. ఒక వాలంటీర్ ఇంటికొచ్చి వివరాలు రాసుకున్నారు, మొన్న ఆయనే 'మీది అయ్యేలా లేదు' అనేశారు. ఇంక అంతేనా?

జవాబు: వివరాలు రాసుకోవడం తప్పు కాదు. 'అయ్యేలా లేదు' అనే మాటకే విలువ లేదు, దానికి టెన్షన్ పడకండి.

సెక్రటరీ అంటే గుమాస్తా అనుకునేరు, ఆయన జడ్జి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం సబ్ జడ్జి స్థాయికి తగ్గని న్యాయాధికారినే ఆ పదవిలో వేస్తారు, పైన చైర్మన్‌గా జిల్లా జడ్జి ఉంటారు. లోక్ అదాలత్‌లు, జైలు తనిఖీలు, ఊళ్లలో శిబిరాలు అన్నీ సెక్రటరీ నెత్తినే ఉంటాయి కాబట్టి కాగితాలు తేవడం, ఇంటికెళ్లి కనుక్కోవడం లాంటివి పారా లీగల్ వాలంటీర్లకు (సంస్థ తరఫున పనిచేసే, లాయర్లు కాని సహాయకులకు) అప్పజెప్పక తప్పదు. కానీ పరిహారం ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి అన్నది సంస్థే తేల్చాలి, వాలంటీర్ కాదు, ప్యానెల్ లాయర్ (సంస్థ జాబితాలో ఉండే లాయర్) కూడా కాదు. నిందితుడు దొరకక కోర్టులో విచారణే జరగనప్పుడు బాధితులు నేరుగా సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 396వ సెక్షనే చెబుతోంది, ఆ దరఖాస్తు మీద సంస్థ విచారించడం రెండు నెలల్లో పూర్తి చేయాలని కూడా అందులోనే ఉంది. ఆలస్యం ఎక్కువగా పోలీసు రిపోర్టు దగ్గరే అవుతుంది, కాబట్టి అది సంస్థకు చేరిందో లేదో ముందు స్టేషన్లో అడగండి.

మీరు చేయాల్సింది, దరఖాస్తు నకలు మీద ఆఫీసు ముద్ర, నంబరు వేయించుకోవడం. తర్వాత చైర్మన్ పేరు మీద ఒక అర్జీ రాయండి, ఫలానా తేదీన దరఖాస్తు ఇచ్చాం, తిరస్కరిస్తే కారణాలతో రాతపూర్వక ఉత్తర్వు ఇప్పించండి అని. ఆ ఉత్తర్వు చేతికొస్తేనే రాష్ట్ర సంస్థకు అప్పీలు వెళ్లగలరు, నోటిమాట మీద అప్పీలు ఎలా వేస్తాం? ఖాళీ కాగితం మీద మాత్రం అమ్మ చేత వేలిముద్ర వేయించకండి.

అదే ఆఫీసులో డిఫెన్స్ కౌన్సిల్ అని బోర్డు చూసి అక్కడికి వెళ్లకండి, వాళ్లు నిందితుల తరఫు లాయర్లు. మీకు కావాల్సింది ప్యానెల్ లాయర్. మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా అమ్మకు ఉచితంగా ఇవ్వాలి, ఆయన ఫీజు అడగకూడదు, అడిగితే అదీ చైర్మన్‌కు రాయండి. ఆఫీసుకు వెళ్లలేకపోతే 15100కి ఫోన్ చేయొచ్చు.

ఇంకా ఆపరేషన్ కాకపోయి ఉంటే పరిహారం కోసం ఆగకండి. స్టేషన్ ఇన్‌చార్జి అధికారి గానీ మేజిస్ట్రేట్ గానీ సర్టిఫికెట్ ఇస్తే ఉచిత వైద్యానికి, మధ్యంతర సాయానికి సంస్థ వెంటనే ఆదేశించొచ్చు. ముందు ఆ సర్టిఫికెట్ సంపాదించండి.