మ్యాపులు గీసుకుంటే మా అమ్మాయి బతుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్ ఫైనలియర్. డేటా సైన్స్‌కి వెళ్లమంటే వినకుండా రిమోట్ సెన్సింగ్, జీఐఎస్‌లో (ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటర్ మ్యాపుల చదువు) ఎంటెక్ చేస్తానంటోంది. వరదొస్తే పేదల బస్తీలే ఎందుకు ఎక్కువ నష్టపోతాయో మ్యాపుల మీద తేలుస్తుందట. ఇది ఉద్యోగమా, సమాజసేవా? రెండింట్లో ఏది మేలు?
- ఒక తండ్రి, విజయవాడ

జవాబు: కోర్సు పేరు మారుతుందంతే, ఈ ప్రశ్న ఏటా వస్తూనే ఉంటుంది. పైకి జీతం గురించి అడుగుతారు గానీ, అసలు టెన్షన్ నలుగురికీ ఏం చెప్పుకోవాలన్నదే. విజయవాడలో ఉండి ‘ఇది ఉద్యోగమా’ అని మీరు అడగడం మాత్రం నాకు నచ్చలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది కదా. కింది వాటాల్లో అద్దెకుండేవాళ్లు ఎక్కడ ఎక్కువ, పడవ ముందు ఎటు పంపాలి అన్నది ముందే తేల్చిపెట్టడం సేవ కాదండీ, పని.

అమ్మాయికీ ఒక మాట. ‘ఏఐతో వరద మ్యాపులు’ అని ఊదరగొట్టే కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. యూరప్ వాళ్ల ఉపగ్రహం సెంటినెల్-1లోని రాడార్ మబ్బులున్నా చూడగలదు, డేటా కూడా ఉచితమే. పొలంలో నిలిచిన నీరు అందులో నల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది. ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకున్న సందుల్లో మాత్రం సిగ్నల్ గోడలకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి, మునిగిన వీధి మునగనట్టే పడొచ్చు. ఎవరి కోసం మ్యాపు గీస్తున్నామో వాళ్లే అందులో ఉండరన్నమాట. పైగా, వార్డుల వారీగా చేతిలో ఉన్నవి 2011 జనాభా లెక్కలు! ఈ లోటు తీరాలంటే ఇంటింటికీ తిరిగి, నీళ్లు ఎంతవరకొచ్చాయో అడిగి, టేపుతో కొలుచుకోవాలి. ఆ ఓపిక లేకపోతే ఈ దారి వద్దు.

ఇక పోలికంటారా, మొదటి జీతం డేటా సైన్స్‌లోనే ఎక్కువ ఉండొచ్చు. జీఐఎస్‌లో చేరిన కొత్తలో చాలామందికి దొరికేది డిజిటైజింగ్ (చిత్రాల్లోని రోడ్లు, ఇళ్లను కంప్యూటర్లో గీతలుగా గీసే) పనే. ప్రభుత్వ ప్రాజెక్టుల్లో చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే. అయినా కంగారు పడకండి. పైథాన్ ప్రోగ్రామింగ్, గణాంకాలు రెండు చోట్లా పనికొస్తాయి, తర్వాత మారాలన్నా మారొచ్చు. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్‌లో ఈ ఎంటెక్ ఉంది, పట్టా ఇచ్చేది మన ఆంధ్రా యూనివర్సిటీయే. ఐఐఆర్ఎస్ వాళ్లు ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు కూడా నడుపుతారు. ఈ సెలవుల్లో అందులో ఒకటి చేసి, క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో మీ డివిజన్ వరకే ఒక మ్యాపు తయారుచెయ్యమనండి. కొలతలకు వెళ్లేటప్పుడు మీరూ తోడు వెళ్లండి. అంత తిరిగొచ్చాక కూడా అదే కావాలంటే అప్లై చెయ్యనివ్వండి.