విండోస్‌లో ఎంపీ3 పాట హెచ్చరిక శబ్దంగా ఎందుకు మోగదు?

విండోస్ హెచ్చరిక శబ్దాలకు వేవ్ (.wav) ఫైల్ మాత్రమే పనికొస్తుంది, అందుకే ఎంపీ3 మోగదు. ఎంపీ3లో ధ్వని కుదించి ఉంటుంది, దాన్ని విప్పడానికి డీకోడర్ కావాలి. హెచ్చరికను మోగించే భాగం సాదాసీదాది. వేవ్ ఫైలులోని, విప్పే పనిలేని పీసీఎం (కుదించని) ధ్వనిని ఉన్నదున్నట్టు స్పీకరుకు పంపుతుంది.

పర్లాకిమిడిలో ఒడియా, తెలుగు అర్జీలు టైపు చేసే దుకాణం అనుకోండి. జనం సందడిలో ల్యాప్‌టాప్ బ్యాటరీ అడుగంటిందని చెప్పే చిన్న ‘టింగ్’ వినపడదు. గుడిగంట రికార్డింగును ఆడాసిటీ అనే ధ్వని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, 2 సెకన్లకు కత్తిరించి, 16 బిట్, 44,100 హెర్ట్జ్ వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయాలి. స్టీరియో అయితే సుమారు 350 కేబీ వస్తుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్, మోర్ సౌండ్ సెట్టింగ్స్ మీదుగా ‘సౌండ్స్’ ట్యాబుకు వెళ్లి, ‘క్రిటికల్ బ్యాటరీ అలారం’ ఎంచుకుని, బ్రౌజ్‌తో ఆ ఫైలు చూపించి, టెస్ట్ నొక్కి విని, అప్లై చేయాలి. ‘సేవ్ యాజ్’తో ఆ అమరికకు పేరు పెట్టడం మరవకండి, థీమ్ మారిస్తే శబ్దాలూ మారిపోవచ్చు. ఫైలు పెన్‌డ్రైవులో ఉంటే అది తీసేయగానే గంట మూగబోతుంది, హార్డ్ డిస్కులోనే ఉంచాలి.

పేరు చివర ఎంపీ3 తీసేసి వేవ్ అని రాస్తే చాలని చాలామంది అనుకుంటారు. పేరే మారుతుంది, లోపలి ధ్వని కుదించినట్టే ఉంటుంది. టెస్ట్ నొక్కితే ఆ విషయం అక్కడికక్కడే తెలిసిపోతుంది.